పడవ నిలబెట్టిన చోటు

ఆగస్టు 21, మంగళవారం. ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. గాలి పడమర నుంచి, మెల్లగా. మబ్బు లేదు.
హాజరైనవారు: మా డిప్యూటీ డైరెక్టర్ గారు, నేను, ఆ ఊరి మత్స్య సహకార సంఘం అధ్యక్షుడు మల్లేశం.
పడవ: ఫైబర్‌ది, ఇంజనుతో. విసుర్లు: డెబ్బై నాలుగు. చేపలు: లేవు.

నా డైరీలో ఆ రోజు గురించి మొదట రాసుకున్నది ఇంతే. మిగతాది ఇప్పుడు రాస్తున్నాను. ఎందుకంటే, మత్స్యశాఖలో కొత్తగా చేరిన పిల్లలు నెలకు ఇద్దరో ముగ్గురో పద్మారావు నగర్‌లో మా ఇంటికి వస్తున్నారు. కూర్చుంటారు, టీ తాగుతారు, తర్వాత అందరూ ఒకే ప్రశ్న అడుగుతారు. "కొర్రమీనుకి గాలానికి ఏ రంగు రబ్బరు కప్ప కట్టాలి సార్?"

ఆకుపచ్చదైనా పడుతుంది, పసుపుదైనా పడుతుంది. పడవ ఎక్కడ నిలబెట్టాలి, గాలం ఎటు నుంచి ఎటు విసరాలి అని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేను చెప్పబోతే ఫోన్ తీసి, కొత్తగా తెప్పించిన రాడ్డు ఫొటో చూపిస్తారు. నోటితో చెప్పి విసిగిపోయాను. చదువుతారేమో చూద్దాం.

ఆ పరీక్ష ఏమిటంటే

సికింద్రాబాద్ నుంచి జీపులో గంటన్నర దూరంలో ఒక పెద్ద చెరువు. పేరు అనవసరం. దాని మీద చేపల హక్కు ఆ ఊరి సంఘానిది. అరవైకి పైగా కుటుంబాలు దాని మీదే బతుకుతాయి. అప్పటికి రెండేళ్ల కిందట మా శాఖ అందులో కొర్రమీను పిల్లలు వదిలింది. వదిలే ముందు ఒక్కొక్క పిల్లకీ పొట్ట కింద ఎడమ రెక్కను మొదలంటా కత్తిరించాం. అలా కత్తిరిస్తే మళ్లీ మొలవదు, చేపకు పెద్దగా బాధ కూడా ఉండదు. తర్వాత ఎప్పుడు దొరికినా అది మేం వదిలిన చేపే అని తెలుస్తుంది. సంఘం ఆడవాళ్లు వరసగా కూర్చుని చిన్న కత్తెరలతో ఆ పని చేశారు. మల్లేశం భార్య అందరికన్నా వేగంగా చేసింది.

రెండేళ్లయ్యాక ఎవరో ఫిర్యాదు పెట్టారు. సంఘంవాళ్లు సన్నకళ్ల వలలు వేసి పిల్లల్ని ముందే పట్టి అమ్ముకున్నారని. దాంతో మాకు ఆర్డరు వచ్చింది: నమూనా వేట చేయండి, రెక్క కత్తిరించిన చేప ఉంటే చెరువు సంఘానికే ఉంచుదాం, లేకపోతే బహిరంగ వేలం. కొర్రమీను తుంగలోనూ బురదలోనూ దాక్కుంటుంది, లాగుడు వల దాని మీది నుంచి జారిపోతుంది. అందుకని ఈ వేట గాలంతోనే చేయాలి.

ఒక చెరువు తలరాతను గాలానికి తగిలే ఒక్క చేపతో తేల్చడం సరైన పద్ధతేనా అంటే, కాదు. ఆ మాట నేను రాతపూర్వకంగా రెండుసార్లు పంపాను. జవాబు రాలేదు. కాబట్టి ఉన్న పరీక్షనైనా సరిగ్గా చేయాలి కదా. అదీ చేయలేదు.

మొదటి ఉదయం

డిప్యూటీ డైరెక్టర్ గారు చెడ్డవారు కారు. ఫైళ్లు ఆపేవారు కారు, ఎవరి మీదా అరిచేవారు కారు. కానీ నీళ్ల మీద ఆయనకు ఓపిక లేదు. గట్టు మీద నుంచి ఉత్తరం వైపు తామరాకులు కనిపించాయి. వెంటనే చేయి చూపించారు. మల్లేశం ఇంజను వేశాడు. పడవ భడభడలాడుతూ తిన్నగా పోయి తామరాకుల మధ్యలో ఆగింది. లంగరు రాయి ఆయనే ఎత్తి ధబేలున వేశారు. తర్వాత పడవలో నిలబడి, చెరువు నడిమధ్యకు, లోతు నీళ్లలోకి గాలం విసరడం మొదలుపెట్టారు.

కాస్త ఆలోచించండి. కొర్రమీను ఉండేది ఆకుల అంచున. మేము చేప ఉండే చోట నిలబడి, చేప లేని చోటికి గాలం వేస్తున్నాం. ఇంజను చప్పుడుకు, రాయి చప్పుడుకు అక్కడున్నవి ఎప్పుడో పోయి ఉంటాయి. ఆ మాట చెబితే, "రావుగారూ, మీరు మరీ చాదస్తం" అన్నారు.

రెండు గంటలు అలా గడిచాక ఆయన అలిసిపోయి రాడ్డు నాకిచ్చారు. నేను నా సంచిలోంచి రెండేళ్ల కిందటి డైరీ తీశాను. పిల్లల్ని వదిలిన రోజు రాసుకున్నది ఉంది: తూర్పు ఒడ్డు, దట్టమైన తుంగ, మోకాలి లోతు. పదండి తూర్పుకు అన్నాను. మల్లేశం నా వైపు ఒకసారి చూసి పడవ తిప్పాడు. అక్కడ నేను పద్ధతిగానే వేశాను. ఒడ్డుకు దూరంగా నిలబడి, దాని వెంబడే కప్ప ఈదేలా, వరసగా. ఒక్కటీ తగల్లేదు.

తొమ్మిదింటికి డిప్యూటీ డైరెక్టర్ గారు వాచీ చూసుకుని, "సున్నా అని రాసేయండి" అన్నారు. మల్లేశం పడవను గట్టు వైపు తిప్పాడు. గడకర్రను పట్టుకున్న అతని చేతులు చూశాను. వేళ్ల కణుపులు తెల్లబడి ఉన్నాయి.

ఎండ, గాలి, నీటి నడక

కథ ఆపి పని చెప్తాను. ఇది చదవకుండా ముందుకు పోయేవాళ్లు పోవచ్చు, కానీ వాళ్లు మా ఇంటికి రావద్దు.

పడవను చేప మీదికి తీసుకుపోకూడదు. మీరు హాయిగా విసరగలిగినంత దూరంలో ఆగాలి. ఉదయం పూట ఎండ మీ మొహాన పడేలా నిలబడండి. కళ్లకు ఇబ్బందిగానే ఉంటుంది, ఓర్చుకోండి. వీపున పడితే మీ నీడ మీకంటే ముందు పోయి చేపకు కబురు చెబుతుంది.

గాలి పడవను చేప వైపు నెట్టే చోట లంగరు లేకుండా ఆగకండి. పది నిమిషాల్లో ఆకుల మీదికి పోతారు. లంగరు రాయిని తాడుతో మెల్లగా దించండి. విసరకండి. ముప్పై మూడేళ్లలో ఈ ఒక్క మాట నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు, అయినా ప్రతి కొత్తవాడూ దాన్ని షాట్‌పుట్ లాగే వేస్తాడు.

ఆకుల అంచుకు అడ్డంగా వేస్తే కప్ప అంచు మీద ఒక్క క్షణం ఉంటుంది. అంచు వెంబడి వేస్తే లాగినంతసేపూ అంచు మీదే ఉంటుంది. ఏది మేలో చిన్నపిల్లలకు కూడా తెలుస్తుంది. ఆఫీసర్లకే తెలియదు.

నీళ్లు కదిలే చోట సంగతి వేరు. కాలువ చెరువులోకి దిగే చోట చేప నీటికి ఎదురు తిరిగి నిలబడుతుంది. తిండి పైనుంచి కొట్టుకువస్తుందని దానికి తెలుసు. కాబట్టి మనం పక్కన, కాస్త దిగువన ఆగి, ఎగువకు విసిరి, కప్పను నీళ్లతో పాటు కిందికి రానివ్వాలి. దిగువకు విసిరి లాగితే కప్ప ప్రవాహానికి ఎదురీదుతూ చేప తోక వైపు నుంచి వస్తుంది. అలాంటి కప్పను ఏ చేపా నమ్మదు.

నర్సమ్మ అడిగిన ప్రశ్న

ఇవన్నీ ఇంత కచ్చితంగా చెప్పే మనిషి ఎంత పెద్ద తప్పు చేశాడో కూడా రాయాలి.

ఈ చెరువు కంటే చాలా ఏళ్ల ముందు, వేరే జిల్లాలో, ఇలాంటి నమూనా వేటకే వెళ్లాను. అప్పటి పై అధికారి ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపాం, ఎటు వేయమంటే అటు వేశాం. చేప పడలేదు. సున్నా అని రాసి సంతకం పెట్టాను. ఆ చెరువు వేలానికి పోయింది. సంఘం చెదిరిపోయింది.

తర్వాత కొన్నాళ్లకు బన్సీలాల్‌పేట్‌లో రోడ్డు పక్కన చేపలు అమ్ముతున్న ఒకామె నన్ను పేరు పెట్టి పిలిచింది. నర్సమ్మ. ఆ సంఘం మనిషే. మా చెరువులో పట్టిన చేపలు మేమే అమ్మేవాళ్లం, ఇప్పుడు వేరేవాళ్ల చేపలు కొని తెచ్చి అమ్ముతున్నానని చెప్పింది. తిట్టలేదు. నా సంచిలో చేప వేసి, మామూలుగా అడిగింది. "ఆ దినం పడవ ఏడ నిలబెట్టిన్రు సార్?"

ఇంటికి పోయి చూసి చెప్తానన్నాను. డైరీ తీశాను. ఆ రోజు పేజీలో అధికారుల పేర్లున్నాయి. జీపు బయలుదేరిన వేళ ఉంది. మధ్యాహ్నం ఏం తిన్నామో కూడా ఉంది. పడవ ఎక్కడ ఆగిందో లేదు.

నర్సమ్మకు ఆ మాట చెప్పడానికి నాకు మూడు వారాలు పట్టింది. విని, "పోనీయిండ్రి" అంది. ఆనాటి నుంచి నేను డైరీలో ఏది రాసినా రాయకపోయినా పడవ చోటు, దాని ముక్కు దిక్కు రాయకుండా పేజీ ముయ్యలేదు.

ఆ సాయంత్రం

అందుకే మంగళవారం ఆ సున్నా కాగితం మీద సంతకం పెట్టలేదు. రేపు ఉదయం లోపు ఆలోచించుకోండి అని డిప్యూటీ డైరెక్టర్ గారు జీపెక్కారు. మీ రిటైర్మెంటుకు అయిదు నెలలుంది, ఎందుకండీ ఇదంతా అని కూడా అన్నారు.

సాయంత్రం అయిదింటికి మల్లేశం బస్సు దిగి మా ఇంటికి వచ్చాడు. నీళ్లిస్తే తాగాడు. కుర్చీ వేస్తే అంచు మీద కూర్చున్నాడు. నేను డిప్యూటీ డైరెక్టర్ గారి మీద ఉన్న విసుగంతా వెళ్లగక్కాను. ఇంజను, తామరాకులు, లంగరు రాయి. అంతా విని అతను మెల్లగా చెప్పింది వేరు.

"సార్, మీరు సుత తప్పు జాగకే తీస్కపోయిన్రు. తూర్పు దిక్కు తుంగ ఏడున్నది? పోయినేడు పూడిక తీసిననాడే పోయింది. కాలువ సుత మార్చిన్రు. ఇప్పుడు కొత్తనీళ్లు దక్షిణం దిక్కు దిగుతున్నయి. కొర్రమట్ట గూడ ఆడికే పోయింది."

కొర్రమీనును వాళ్లు కొర్రమట్ట అంటారు. నాకు కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. పొద్దున్నే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"మీరు అడగలే సార్."

"అడగకపోతే చెప్పవా?"

"ఎట్ల చెప్త సార్? ఆఫీసర్ చెయ్యి చూపెట్టిన దిక్కు పడవ పోవాలె, గది మా కాయిదా. అడగకుంట ఈడికి రాండ్రి అంటే ఏమంటరు? మల్లేశం గాడు ముందుగాల్నే చేపను తెచ్చి కట్టేసిండు, ఆ జాగకే తోల్కపోయిండు అంటరు. అసలే మా మీద ఫిర్యాదున్నది."

ముప్పై మూడేళ్లు నేను పడవ ముందు వైపు కూర్చుని చేయి చూపించినవాడినే. గడ వేసేవాడు నా వెనక నిలబడతాడు. అతను నోరు మూసుకుని ఉంటే పని తెలిసినవాడు అనుకున్నాను. చెరువు రెండేళ్లలో మారిపోతుందని, ఆ మార్పు రోజూ చూసేవాడు నా వెనకే ఉన్నాడని ఒక్కసారీ తోచలేదు. పొద్దున డిప్యూటీ డైరెక్టర్ గారి మీద చిరాకుపడుతూ, తుంగ ఉందో లేదో చూడకుండా నేను డైరీ చూశాను.

ఇద్దరం స్కూటరు మీద మారేడ్‌పల్లి పోయాం, డిప్యూటీ డైరెక్టర్ గారి ఇంటికి. ఆయన లుంగీలో టీవీ చూస్తున్నారు. మల్లేశాన్ని కూర్చోమన్నారు, అతను నిలబడే ఉన్నాడు.

రేపు ఇంకో గంట వేయాలి, అతను చెప్పిన చోట వేయాలి అన్నాను.

"డెబ్బై నాలుగు సార్లు వేశాం రావుగారూ. డెబ్బై అయిదోసారికి చేప జాలిపడుతుందా?"

"చేపలేని చోట ఎన్నిసార్లు వేస్తే ఏముంది సార్. పొద్దున మీరూ తప్పే వేశారు, నేనూ తప్పే వేశాను."

నేనూ తప్పు చేశానని ఒప్పుకున్నందుకు ఆయన టీవీ శబ్దం తగ్గించారు. కానీ మల్లేశం భయపడిన మాటే అన్నారు. అతను చెప్పిన చోటికి పోతే, రాత్రికి రాత్రి అక్కడ ఏదో ఏర్పాటు చేశారని ఇంకో ఫిర్యాదు రాదా? ఇవాళ ఒక చేపకు రెక్క కత్తిరించి పెడితే ఎవరికి తెలుస్తుంది?

నాకు తెలుస్తుందన్నాను. రెండేళ్ల కిందటి కోత నున్నగా, చర్మం కప్పేసి ఉంటుంది. నిన్నటి కోత పచ్చిగా ఉంటుంది. భూతద్దంలో మీకే చూపిస్తాను.

ఆయన ఇంకా ఆలోచిస్తుంటే మల్లేశం జేబులోంచి ఫోన్ తీసి టీపాయ్ మీద పెట్టాడు. "నేను ఈ పూట రావుసార్ ఇంట్లనే పండుకుంట. ఊరికి పోను. ఫోన్ గిది మీ తాన్నే ఉండనీయిండ్రి సార్. పొద్దుగాల మీ జీపులనే వస్త."

మర్యాదకైనా ఆయన దాన్ని వెనక్కి తోస్తారనుకున్నాను. తీసుకుని అల్మారాలో పెట్టారు. అరవై కుటుంబాల పెద్దమనిషి, దొంగలాగా తన ఫోన్ తనే అప్పగించుకుని మెట్లు దిగాడు. ఆ మెట్ల మీద నాకు కలిగిన చికాకు ఇప్పటికీ తగ్గలేదు.

రాత్రి మా ఇంట్లో అన్నం పెడితే సగమే తిన్నాడు.

మర్నాడు ఉదయం

ఆగస్టు 22, బుధవారం. ఆరు గంటలకు చెరువు గట్టు మీద ఉన్నాం, ఆ ముగ్గురమే. గాలి లేదు. డిప్యూటీ డైరెక్టర్ గారు ఫోన్ తిరిగి ఇస్తూ, "మీ ఆవిడ పదకొండు సార్లు చేసిందయ్యా" అన్నారు. మల్లేశం దాన్ని చూడకుండానే జేబులో వేసుకున్నాడు.

పడవ ఎక్కేముందే చెప్పాను. సార్, ఇవాళ రాడ్డు మీది, దారి మల్లేశానిది, డైరీ నాది. ఆయన మొహం ముడుచుకున్నారు గానీ ఎక్కారు. మల్లేశం ఇంజను పైకెత్తి గడకర్రతో నెట్టాడు. దక్షిణం వైపు, గట్టు మలుపు తిరిగాక, కొత్త కాలువ కనిపించింది. ఎర్రటి నీళ్లు సన్నగా దిగుతున్నాయి. వానలకు మునిగిన గడ్డి దుబ్బులు రెండు వైపులా తలలు ఎత్తి ఉన్నాయి. నేను అక్కడికి ఎప్పుడూ పోలేదు.

చాలా దూరంలోనే మల్లేశం గడను బురదలోకి దించి పడవను ఆపాడు. కాలువకు ఓరగా, దిగువన. ఎండ మా మొహాల మీద.

"ఇక్కడేంటయ్యా, ఇంకా దగ్గరికి పోనీ" అన్నారు ఆయన. మల్లేశం నా వైపు చూశాడు. చెప్పు అన్నాను. "దగ్గరికి పోతే ఉరుకుతయి సార్" అన్నాడు.

మొదటి విసురు ఆయన తనకు అలవాటైన వైపే, దిగువకు వేశారు. కప్ప నీటికి ఎదురీదుతూ వచ్చింది. ఏమీ లేదు. రెండోదీ అంతే. మల్లేశం చేయెత్తి ఎగువన ఒక దుబ్బు చూపించాడు, దాని పైకి వేయమన్నాడు. వేశారు. కప్ప నీళ్లతో పాటు జారుతూ దుబ్బు పక్కకు వచ్చింది. నీళ్లు పగిలాయి.

మొదటి చేపను మల్లేశం తడిగుడ్డతో పట్టి తిరగేశాడు. రెండు రెక్కలూ ఉన్నాయి. చెరువులో పుట్టిన చేప. వదిలేశాడు. ఇరవై నిమిషాల తర్వాత ఇంకోటి. దానికీ రెండు రెక్కలూ ఉన్నాయి. నేను డైరీలో వేళ రాసుకున్నాను.

ఆయన వాచీ చూసుకున్నారు. గంట కావడానికి పావుగంట ఉంది. మల్లేశం గడ తీసి, పడవను ఒక నిలువెడు పక్కకు జరిపి, మళ్లీ దించాడు. కాలువ రెండో వైపు దుబ్బు చూపించాడు. మొదటి విసురుకు ఏమీ లేదు. రెండో విసురుకు రాడ్డు వంగింది.

ఇది పెద్దది. పడవ పక్కకు వచ్చాక మల్లేశం దాన్ని ఎత్తలేదు. నీళ్లలోనే ఉంచి, పొట్ట కింద బొటనవేలితో తడిమాడు. వేలు ఒకచోట ఆగింది. ఇంకోసారి తడిమాడు. తర్వాత చేపను పైకి తీసి, వెల్లకిలా తిప్పి, డిప్యూటీ డైరెక్టర్ గారి ముందు పెట్టాడు. కుడి రెక్క ఉంది. ఎడమ వైపు నున్నటి మచ్చ, చర్మం కప్పేసి.

నేను భూతద్దం ఇచ్చాను. ఆయన చాలాసేపు చూశారు. పాతదే అన్నారు. పడవలోనే, నా మోకాలి మీద డైరీ పెట్టుకుని నేను రాశాను: పడవ ఎక్కడ, ముక్కు ఎటు, గాలం ఎటు నుంచి ఎటు, దారి చూపినవారు సంఘం అధ్యక్షుడు మల్లేశం. రిపోర్టులోనూ ఇదే వాక్యం ఉంటుంది సార్ అన్నాను. ఆయన చదివి కింద సంతకం పెట్టారు.

అంతటితో ఊరుకుంటే ఎంత బాగుండేది. చేపను రెండు చేతులతో ఎత్తుకుని, "నేను నిన్ననే అనుకున్నాను రావుగారూ, కాలువ వైపు చూడాలని" అంటూ ఫొటో కోసం లేచి నిలబడ్డారు. పడవ ఒక పక్కకు ఒరిగింది. నేను అంచు పట్టుకున్నాను.

"కూసోండి సార్" అన్నాడు మల్లేశం. గొంతు పెంచలేదు. "చేపను నాకియ్యిండ్రి. నీళ్లల్ల ఇడ్వాలె."

ఆయన కూర్చున్నారు. చేపను ఇచ్చారు. మల్లేశం దాన్ని నీటికి ఎదురుగా పట్టుకుని, మొప్పలు ఆడేదాకా ఆగి, వదిలిపెట్టాడు. తర్వాత చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీసి, భార్యకు చేశాడు.